"ఏ గ్రూపు తీసుకోవాలి సార్?" అని అడిగితే: కెరీర్ సిద్ధాంతాలతో పిల్లలకు కౌన్సెలింగ్ చేసే పద్ధతి

పదో తరగతి పరీక్షలు అయిన దగ్గర్నుంచి ఇంటర్ అడ్మిషన్లు ముగిసేదాకా, పిల్లలతో కాస్త చనువుగా ఉండే ఏ టీచర్‌కైనా వినిపించే ప్రశ్న ఒకటే. ఏ గ్రూపు తీసుకోవాలి? మనమూ ఠక్కున చెప్పేస్తాం. లెక్కల్లో తొంభై దాటాయా, ఎంపీసీ. సైన్సు బాగుందా, బైపీసీ. రెండూ లేవా, సీఈసీ. రేషన్ షాపులో కార్డు చూసి బియ్యం తూచినట్టు మార్కులు చూసి గ్రూపు ఇచ్చేయడం ఇది, దీన్ని కౌన్సెలింగ్ అనలేం.

బీఈడీలోనో, సైకాలజీ పీజీలోనో, గైడెన్స్ డిప్లొమాలోనో కెరీర్ సిద్ధాంతాలు చెప్పిన పార్సన్స్, సూపర్, హాలండ్ పేర్లు చదివినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పరీక్షలో పది మార్కుల జవాబు రాసి అక్కడితో వదిలేశాం. పిల్ల ఎదురుగా కూర్చున్నాక అవి దేనికి పనికొస్తాయో ఎవరూ చూపించలేదు. నేను చెప్పే పద్ధతిలో సిద్ధాంతం పని ఒకటే, తర్వాతి ప్రశ్న ఏం అడగాలో మనకు చెప్పడం. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూసి సిద్ధాంతాన్ని ఎంచుకోవాలి, అంతేగాని మనకు నచ్చిన సిద్ధాంతంలో పిల్లను ఇరికించకూడదు. ఇంకొకటి, ఇది చాలామందికి నచ్చకపోవచ్చు: ఆసక్తుల పరీక్షతో మొదలుపెట్టకండి. పిల్ల ఇప్పటికే మనసులో కొట్టేసిన పనులు ఏవో ముందు తెలుసుకోండి, ఆసక్తి సంగతి తర్వాత.

మొదటి నుంచి చివరిదాకా ఒకే అమ్మాయిని పట్టుకుని వెళ్దాం. కల్పించిన అమ్మాయే, పేరు సంధ్య అనుకోండి. జమ్మికుంట దగ్గర పల్లె. నాన్న పత్తి మార్కెట్లో హమాలీ. అమ్మ మహిళా సంఘంలో సభ్యురాలు, ఆ సంఘం పొదుపు పుస్తకాలు, తీర్మానాల రిజిస్టరు రాసిపెట్టేది సంధ్యే. పదిలో తెలుగు, సోషల్ బాగా వచ్చాయి, లెక్కలు అంతంతమాత్రం. నాన్న కోరిక "బైపీసీ చదివిచ్చి నర్సునన్న చేద్దామని". సంధ్యను అడిగితే "మీ ఇష్టం సార్".

మెట్టు 1: కూర్చోబెట్టే ముందు

ఒక్కసారి మాట్లాడితే తేలే పని కాదు. నలభై నిమిషాల చొప్పున మూడుసార్లు కూర్చోవాలి, అందులో ఒకసారి అమ్మానాన్నలతో. స్టాఫ్ రూములో వద్దు. పక్కన ఇంకో సార్ పేపర్లు దిద్దుకుంటూ మధ్యలో "ఏం అమ్మా, డాక్టరువా, ఇంజినీరువా" అని ఒక మాట విసిరితే ఆ పిల్ల ఇక నోరు విప్పదు. వరండా చివర, లైబ్రరీ మూల, ఎక్కడైనా సరే, నలుగురికీ కనిపించాలి కానీ వినిపించకూడదు.

మొదటి మాటగా ఇది చెప్పండి: "ఇవాళ గ్రూపు తేల్చం. నువ్వు చెప్పినవాటిలో మీ నాన్నకు ఏదైనా చెప్పాలనుకుంటే ముందు నిన్ను అడిగే చెప్తాను. ఒక్క విషయంలో మాత్రం ఆగను, నీ ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉందనిపిస్తే పెద్దవాళ్లకు చెప్పేస్తాను." ఈ మూడో వాక్యాన్ని మొహమాటపడి మింగేయకండి, తర్వాత అవసరం పడినప్పుడు ఇదే మనకు ఆధారం.

ఇక "మీ ఇష్టం సార్" అన్న మాట. దాన్ని బద్ధకం కింద తీసుకోకండి. జేమ్స్ మార్సియా 1966లో కౌమారంలో గుర్తింపు ఎలా ఏర్పడుతుందో నాలుగు స్థితులుగా విడదీశాడు. వెతికి తేల్చుకున్నవాళ్లు, ఇంకా వెతుకుతున్నవాళ్లు, వెతక్కుండానే ఇంట్లో చెప్పింది ఖాయం చేసుకున్నవాళ్లు, వెతకనూ లేదు, తేల్చుకోనూ లేదు అన్నవాళ్లు. మన బడుల్లో మూడో రకం ఎక్కువ కనిపిస్తుంది. "డాక్టర్ అవుతా" అని గట్టిగా చెప్పే పిల్లాణ్ణి చూసి వీడికి స్పష్టత ఉందని సంబరపడతాం. రెండు ప్రశ్నలు అడిగి చూడండి. "ఎప్పటి నుంచి అనుకుంటున్నావు?" "మధ్యలో ఎప్పుడైనా వేరే ఏదన్నా అవ్వాలనిపించిందా?" ఊహ తెలిసినప్పటి నుంచీ అదే, ఇంకేదీ ఎన్నడూ తట్టలేదు అంటే అది వాడి నిర్ణయం కాకపోవచ్చు. అంతమాత్రాన దాన్ని మనం పగలగొట్టక్కర్లేదు, కొంతమందికి అది సరిగ్గా సరిపోతుంది కూడా. ఇంకో రెండు దారులు పక్కన పెట్టి చూపిస్తే చాలు.

మొదటి పది నిమిషాల్లో మీరు పసిగట్టాల్సింది ఒకటే, పిల్ల ఎక్కడ ఆగింది? సమాచారం లేక ఆగితే పార్సన్స్ దగ్గరకు, తన మీద తనకు నమ్మకం లేక ఆగితే మనస్తత్వ శాస్త్రవేత్త బాండూరా దారిలో వచ్చిన సిద్ధాంతం దగ్గరకు, ఇష్టాలేవో తెలియక ఆగితే హాలండ్ దగ్గరకు, ఇంట్లో ఒప్పుకోక ఆగితే అమ్మానాన్నల దగ్గరకు వెళ్లాలి. సంధ్యలాగా అసలు ఎక్కడ ఆగిందో తెలియనివ్వకపోతే కింది మెట్టు.

మెట్టు 2: కొట్టేసిన పనుల జాబితా బయటికి తీయడం

లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. పిల్లలు కెరీర్‌ను ఎంచుకోవడం కంటే ముందు ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వస్తారని దాని సారాంశం. మూడు నుంచి అయిదేళ్ల వయసులో పెద్దవాళ్లంటే పెద్ద పనులు చేసేవాళ్లని తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిదిలో ఇది మగవాళ్ల పని, ఇది ఆడవాళ్ల పని అని గీత పడుతుంది. తొమ్మిది నుంచి పదమూడులో పరువు లెక్క మొదలవుతుంది, ఏ పనికి ఎంత గౌరవం, మనలాంటి వాళ్లకు ఏది అందుతుంది అని. తన ఇష్టాలేమిటో, తన నైపుణ్యాలేమిటో ఆలోచించడం పద్నాలుగు దాటాకే. అంటే మన దగ్గరకు వచ్చే పదో తరగతి పిల్ల ఇష్టాల గురించి ఆలోచించే సరికే జాబితాలో సగం ఎగిరిపోయి ఉంటుంది, అవి ఎగిరిపోయాయన్న సంగతి ఆ పిల్లకే తెలియదు. ఆసక్తుల పరీక్ష పెడితే మిగిలిన సగంలోంచే జవాబులొస్తాయి. మొదట అది పెట్టొద్దన్నది అందుకే.

పద్ధతి చాలా తేలిక, పైసా ఖర్చు లేదు. పాత పెళ్లిపత్రికల వెనక అట్టలు కత్తిరించి ముప్పై నలభై చీటీలు చేయండి. ఒక్కోదాని మీద ఒక్కో పని పేరు తెలుగులో రాయండి. లైన్‌మన్, ఏఎన్‌ఎం, బ్యాంకు క్లర్కు, బ్యాంకు మేనేజరు, పశువుల డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, ఏసీ మెకానిక్, పంచాయతీ కార్యదర్శి, లాయరు, లోకో పైలట్, చార్టర్డ్ అకౌంటెంట్, టైలరు, కెమెరామన్, సాఫ్ట్‌వేర్ టెస్టర్, విత్తన కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు, ఫిజియోథెరపిస్టు, ఎస్సై, వీడియో ఎడిటర్, ఇలా. మీ ఊరి చుట్టుపక్కల నిజంగా ఉన్న పనులు కనీసం సగం ఉండాలి. పిల్ల ఎన్నడూ వినని పనులు ఓ అయిదారు ఉండాలి.

మూడు కుప్పలు వేయమనండి: చేస్తాను, చేయను, ఏమో. తొందర పెట్టకండి. మనసు పెట్టి చూడాల్సింది "చేయను" కుప్ప. ఒక్కో చీటీ తీసి "ఇదెందుకు వద్దు?" అని అడగండి, జవాబు ఆ చీటీ వెనకే పెన్సిల్‌తో ఆ పిల్ల మాటల్లోనే రాయండి. మీ మాటల్లోకి మార్చకండి.

సంధ్య మూడు చీటీలు ఇలా ఉన్నాయనుకుందాం.

బ్యాంకు మేనేజరు: "మా ఇండ్లల్ల ఎవలు చేసిన్రు సార్ అసొంటియి."

చార్టర్డ్ అకౌంటెంట్: "లెక్కలు బాగ రావాలె కదా, నాకు రావు."

ఆడిట్ ఆఫీసులో అసిస్టెంటు: "ఊర్లు తిరగాలంట, నాన్న పంపియ్యడు."

మూడూ "చేయను" కుప్పలోనే ఉన్నాయి, మూడింటికీ కారణాలు వేరు. మొదటిది పరువు గీత, గాట్‌ఫ్రెడ్‌సన్ చెప్పిందే. రెండోది తన శక్తి మీద అపనమ్మకం. మూడోది ఇంటి అడ్డు. ఒక్కో కారణానికి ఒక్కో మందు. "నువ్వు బాగా చదివితే ఏదైనా అవుతావమ్మా" అని అన్నింటికీ కలిపి ఒకే మాట చెప్తే ఒక్కటి కూడా తగలదు. ఇంతకీ "నాకిష్టం లేదు" అన్న కారణం ఎన్ని చీటీల వెనక ఉందో లెక్కపెట్టండి. ఇష్టం లేక కొట్టేసినవే ఆసక్తికి సంబంధించినవి, వాటిని గౌరవించి పక్కన పెట్టేయండి. మిగతావన్నీ మళ్లీ మాట్లాడుకోవాల్సినవే.

ఇదే కూర్చోవడంలో ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. "ఎంత తక్కువ పనైతే అస్సలు చేయనంటావు?" "ఎంత కష్టమైతే నావల్ల కాదంటావు?" ఈ రెండు హద్దుల మధ్య మిగిలిందే పిల్ల మనసులోని అసలు మైదానం. కొందరిలో అది మరీ ఇరుకు. కింది హద్దు "సర్కారు కొలువు కాకపోతే చేయను", పై హద్దు "నాలుగేళ్లకు మించి చదవలేను". ఇలాంటప్పుడు కొత్త కోర్సుల పేర్లు ఎన్ని చెప్పినా లాభం లేదు, ఆ రెండు గీతల్లో ఏదో ఒకటి కాస్త జరగాలి.

మెట్టు 3: ఇప్పుడు ఆసక్తులు

జాన్ హాలండ్ 1959 నుంచి చెప్పుకుంటూ వచ్చిన ఆరు రకాలు అందరికీ తెలిసినవే, వాటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి రియాసెక్ అంటారు. మన పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే చేతిపనివాళ్లు, ఎందుకు ఎలా అని తవ్వేవాళ్లు, కళాకారులు, మనుషులకు సాయపడేవాళ్లు, నలుగురిని కదిలించి పని చేయించేవాళ్లు, లెక్కా పత్రం పద్ధతిగా ఉంచేవాళ్లు. ఒకరిలో ఒకటే ఉండదు, ముందున్న రెండు మూడింటిని కలిపి చూడాలి. ఆరింటినీ షడ్భుజి మీద అమర్చితే పక్కపక్కనున్నవి ఒకదానికొకటి దగ్గర, ఎదురెదురువి దూరం.

నెట్‌లో దొరికే ఉచిత పరీక్షలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, ఎక్కడి జీవితాన్నో చూసి రాసినవి. "మ్యూజియంకు వెళ్లడం ఇష్టమా?" అని అడిగితే మ్యూజియమే చూడని పిల్ల "ఇష్టం లేదు" అని పెడుతుంది, కళ అన్నచోట సున్నా పడుతుంది. తప్పు పిల్లది కాదు. అందుకని పరీక్ష కంటే ముందు జీవితంలోంచి ఆధారాలు తీయండి. "బడి లేని రోజున, ఎవరూ పని చెప్పకపోతే ఏం చేస్తావు?" "ఇంట్లో నీకే అప్పజెప్పే పని ఏది?" "నువ్వు చేస్తుంటే టైము తెలియని పని?" "నీ దగ్గరకు స్నేహితులు దేనికోసం వస్తారు?"

సంధ్యను ఇంట్లో నీకే అప్పజెప్పే పని ఏదని అడగ్గానే సంఘం పుస్తకాల సంగతి వస్తుంది. అక్కడ ఆగండి. పైపైన విని ముందుకు పోవద్దు, పుస్తకం తెమ్మనండి. ఎవరు ఎంత కట్టారు, ఎవరు అప్పు తీసుకున్నారు, కిస్తీ ఎవరు ఎగ్గొట్టారు, మీటింగులో గొడవైతే తీర్మానం ఎలా రాసింది. ఆ పుస్తకంలో పద్ధతిగా ఉంచే గుణం కనిపిస్తుంది, నలుగురు ఆడవాళ్ల మధ్య మాట పడకుండా నెట్టుకొచ్చే నేర్పూ కనిపిస్తుంది. హాలండ్ భాషలో లెక్కా పత్రం మొదటిది, మనుషులు, కదిలించడం తర్వాతవి. షడ్భుజిలో లెక్కా పత్రం, కదిలించడం పక్కపక్కన ఉంటాయి, మనుషులకు సాయం దాని తర్వాత. అంటే ఒకదాన్నొకటి లాగేసుకునే ఆసక్తులు కావు, ఒకే రకం పనుల్లో మూడూ ఇముడుతాయి. బ్యాంకు, సహకార సంఘం, అకౌంట్లు, ఆసుపత్రి పరిపాలన, పంచాయతీ ఆఫీసు, ఇవన్నీ ఆ చుట్టుపక్కలవే.

ఆరింటిలోనూ ఒకేలా మార్కులొచ్చే పిల్లలుంటారు. "వీడికి దేనిమీదా ఆసక్తి లేదు" అని రాసేయకండి. చాలాసార్లు దానర్థం వాడు ఇంకా ఏదీ రుచి చూడలేదని, అంతే. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నరదాకా స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లాడికి ఆసక్తులు ఎక్కడ పుట్టాలి? వాడికి కావాల్సింది వేసవిలో నాలుగైదు పనులు దగ్గర్నుంచి చూసే అవకాశం, ఇంకో పరీక్ష పెట్టి ఉపయోగం లేదు.

మెట్టు 4: "నాకు రాదు" అన్నదాన్ని విప్పడం

"లెక్కలు రావు" అన్న చీటీ గుర్తుందిగా. రాబర్ట్ లెంట్, స్టీవెన్ బ్రౌన్, గెయిల్ హాకెట్ కలిసి 1994లో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. దానికి పునాది ఆల్బర్ట్ బాండూరా. మనిషి ఒక పనివైపు వెళ్లడం, వెళ్లకపోవడం అతని నైపుణ్యం ఒక్కదాన్ని బట్టి ఉండదు, "నేను చేయగలను" అన్న నమ్మకం, "చేస్తే ఏం వస్తుంది" అన్న అంచనా, ఈ రెండింటిని బట్టి ఉంటుంది, చుట్టూ ఉన్న అండ, అడ్డంకులు కూడా కలిసి దారి మారుస్తాయి. ఆడపిల్లలు కొన్ని వృత్తుల వైపు చూడకపోవడానికి ఈ నమ్మకం లోపించడం ఒక కారణమని నాన్సీ బెట్జ్, హాకెట్ 1981లోనే చూపించారు.

నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందంటాడు బాండూరా. నాలుగింటినీ వరసగా తట్టి చూడాలి.

అన్నింటికంటే బలమైనది తాను చేసి గెలిచిన అనుభవం. సంధ్యను ఇలా అడగండి: "మీ సంఘంలో పదివేలు అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడు నెలలైంది. వడ్డీ ఎంత?" పెన్ను తీయకుండానే "పద్నాలుగు వందలు" అంటుంది. మధ్యలో నాలుగో నెలలో మూడు వేలు అసలు కట్టేస్తే? ఒక్క క్షణం ఆగి, ఏ నెల మొదట్లోనా, చివర్లోనా సార్ అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఆ ఎదురు ప్రశ్నే మీకు కావాల్సింది. బీజగణితంలో తడబడే పిల్లకు వడ్డీ లెక్కలో ఎక్కడ మెలిక ఉందో తెలుసు. "లెక్కలు రావు" అన్నది నిజం కాదు, "బళ్లో చెప్పిన ఫలానా లెక్కలు రాలేదు" అన్నది నిజం. ఈ తేడాను మీరు ఉపన్యాసంగా చెప్పకండి, పిల్ల చేతే చెప్పించండి: "ఇప్పుడు చేసింది ఏంటి మరి?"

రెండోది తనలాంటి మనిషి చేయడం చూడటం. పెద్ద పెద్ద ఐఏఎస్‌లను తెచ్చి స్టేజీ ఎక్కిస్తే చప్పట్లు కొడతారు గానీ "ఆమె వేరు, నేను వేరు" అనుకుని ఇంటికి పోతారు. అదే బడిలో ఆరేళ్ల కింద చదివి ఇప్పుడు గ్రామీణ బ్యాంకులో పనిచేస్తున్న అమ్మాయి అరగంట మాట్లాడితే పని జరుగుతుంది. పాత విద్యార్థుల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవడం కౌన్సెలర్‌కు ఏ పరీక్ష సామగ్రి కంటే కూడా ముఖ్యం.

మూడోది మాటతో ఇచ్చే ధైర్యం. దీని బలం తక్కువ, కానీ మనం ఎక్కువగా వాడేది ఇదే. నాలుగోది ఒంటి సంగతి: పరీక్ష అనగానే చెమటలు, కడుపులో తిప్పడం, రాత్రి నిద్ర పట్టకపోవడం. పిల్ల దాన్ని టెన్షన్ అనుకోదు, "నాకు తెలివి లేదు" అనుకుంటుంది. ఒంటికి జరిగేది, తెలివికి సంబంధించినది వేరువేరని ఒకసారి విడమర్చి చెప్పాలి.

ఒక జాగ్రత్త. నమ్మకం పెంచడమంటే ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చెప్పడం కాదు. సీఈసీ తీసుకుంటే లెక్కల గోల ఉండదులే అని సంధ్యకు చెప్పారనుకోండి, సీఏ, అంటే చార్టర్డ్ అకౌంటెంట్ కోర్సు, మొదటి మెట్టైన ఫౌండేషన్ పరీక్షలో గణితం, తార్కికం, గణాంకాలు కలిపి ఒక పేపరే ఉందని రెండేళ్ల తర్వాత తెలిసినప్పుడు మీ మీద నమ్మకం పోతుంది. ఉన్నదని ఇప్పుడే చెప్పండి, దానికి ఇప్పటి నుంచి ఏం చేయాలో కూడా చెప్పండి.

మెట్టు 5: బయటి లోకం సమాచారం

ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో పెట్టాడు, అదే ఏడాది చనిపోయాడు, పుస్తకం 1909లో వచ్చింది. నిన్ను నువ్వు తెలుసుకో, పనుల లోకాన్ని తెలుసుకో, రెండింటినీ సబబుగా కలుపు, ఇదే ఆయన చెప్పింది. పాతబడిందని ఈసడించేవాళ్లున్నారు కానీ రెండో భాగం మన దగ్గర ఇప్పటికీ జరగడం లేదు. సమాచారం పేరుతో పిల్లలకు అందేది కాలేజీల కరపత్రాలే.

సంధ్య ఎదుట ఒక కాగితం మీద దారులు గీయండి. ఎంపీసీ తీసుకుంటే ఇంజినీరింగ్‌తో పాటు బీకాం, బీఏ, లా కూడా తెరిచే ఉంటాయి. బైపీసీ అయితే నీట్, అగ్రికల్చర్, వెటర్నరీ, ఫార్మసీ, నర్సింగ్, కానీ బీటెక్‌లో పెద్ద బ్రాంచీలు మూసుకుంటాయి. ఎంఈసీ, సీఈసీలలో బీకాం, బీబీఏ, సీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ), అయిదేళ్ల లా, డిగ్రీ తర్వాత బ్యాంకు పరీక్షలు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఈ సంగతి తెలియక పాలిటెక్నిక్‌ను చిన్నచూపు చూసేవాళ్లు ఎందరో. పది మార్కులతోనే సీటిచ్చే ట్రిపుల్ ఐటీలు తెలంగాణలో బాసర, మహబూబ్‌నగర్, ఆంధ్రలో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, ఆరేళ్ల కోర్సు. గ్రూప్స్, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. నాన్న అన్న నర్సింగ్‌లో జీఎన్‌ఎం, బీఎస్సీ అని రెండున్నాయి, మొదటిది మూడేళ్లు, రెండోది నాలుగు. అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసే చెప్పాలి, పోయినేడు చదివింది గుర్తుపెట్టుకుని చెప్పొద్దు.

తర్వాత ఇంటిపని ఇవ్వండి. ఒకరోజు బ్యాంకుకు, ఒకరోజు ప్రభుత్వాసుపత్రికి అమ్మతో వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లను మూడు ప్రశ్నలు అడిగి రాసుకు రమ్మనండి. రోజంతా ఏం చేస్తారు? ఇందులో మీకు విసుగొచ్చేది ఏది? ఇక్కడిదాకా రావడానికి ఎంత ఖర్చయింది? రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు అద్భుతంగా ఉంటాయి.

మెట్టు 6: అమ్మానాన్నలతో కూర్చోవడం

పాశ్చాత్య సిద్ధాంతాలు చాలావాటిలో నిర్ణయం తీసుకునేది ఒక్క మనిషి. మన దగ్గర కుటుంబం తీసుకుంటుంది, ఒక్కోసారి మేనమామ తీసుకుంటాడు. ఈ సంగతిని పట్టించుకుని మన నేల మీద పనిచేసినవాళ్లలో బెంగళూరుకు చెందిన గిడియన్ అరుళ్‌మణి ముఖ్యుడు. ఏ సమాజంలో పుట్టామో ఆ సమాజం పని గురించి మనకు ముందే కొన్ని నమ్మకాలు నూరిపోస్తుందని, కౌన్సెలింగ్ అక్కడి నుంచి మొదలవ్వాలని ఆయన వాదన. కాబట్టి అమ్మానాన్నలను అడ్డంకుల ఖాతాలో వేయకండి. కూలికి పోయే మనిషిని పని మానుకుని రమ్మంటున్నామని గుర్తుంచుకుని మార్కెట్ సెలవు రోజునే పిలవండి.

"కూసో అన్నా" అని కుర్చీ వేసి, ముందు ఆయన చెప్పేది వినండి. "మాకేం తెల్వది సార్, మీరే చెప్పుర్రి" అంటాడు. చెప్పేయకండి. "నర్సు అని ఎందుకనిపించిందన్నా?" అని అడగండి. కారణం బయటికొస్తుంది: ఊళ్లో ఒక అమ్మాయి నర్సు చేసి హైదరాబాద్‌లో కొలువు చేస్తోంది, అయిదేళ్లలో చేతికొచ్చింది, మర్యాదగా ఉంది, ఆడపిల్లకు భద్రం. ఇప్పుడు ఆయన కోరిక నర్సు కాదని మీకు అర్థమవుతుంది. త్వరగా సంపాదన, గౌరవం, భద్రత, ఈ మూడూ ఆయన అడుగుతున్నవి. మూడింటినీ కాగితం మీద రాసి, బైపీసీ దారి, కామర్స్ దారి రెండూ వాటి పక్కన పెట్టి, ఏళ్లు, ఫీజులు, హాస్టల్, స్కాలర్‌షిప్ అన్నీ లెక్కకట్టి చూపించండి. సంధ్య చేతే లెక్క కట్టించండి. నాన్న ముందు ఆ పిల్ల లెక్క కట్టడం మీ పది మాటల పెట్టు.

డొనాల్డ్ సూపర్ ఇక్కడే పనికొస్తాడు. పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్లదాకా అన్వేషణ దశ అన్నాడాయన. పదిహేనేళ్ల పిల్ల ఆ దశ గడపలోనే ఉంది. దీన్ని నాన్నకు చెప్పే తీరు ఇలా ఉండొచ్చు: "ఇప్పుడే మొత్తం తేలదన్నా, ఈ రెండేండ్లకు ఏ దారిల పోతే ఎక్కువ తలుపులు తెరిచి ఉంటయో చూద్దాం." సూపర్ వయసులు ఇరవయ్యో శతాబ్దపు అమెరికా మగవాళ్లను చూసి కట్టినవి కాబట్టి వాటిని రాతిమీద గీతలనుకోకండి. 1980లో ఆయన చెప్పిన పాత్రల ఇంద్రధనుస్సు మనకు ఎక్కువ ఉపయోగం. ఒకే మనిషి ఒకే కాలంలో బిడ్డ, విద్యార్థి, ఉద్యోగం చేసే మనిషి, ఇంటిని నడిపేది, పౌరురాలు. సంధ్య రోజును గంటల వారీగా రాయించండి. నీళ్లు, వంట, తమ్ముడు, సంఘం పుస్తకం పోను చదువుకు ఎంత మిగిలింది? ఇంటర్‌లో ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయో నాన్న, అమ్మ అక్కడే కూర్చుని తేల్చాలి. గ్రూపు పేరు కంటే ఈ ఒప్పందమే ముందు.

"తిరగాలె, పంపను" అన్న మూడో చీటీ కూడా ఈ కూర్చోవడంలోనే తీయండి, సంధ్య ఒప్పుకుంటేనే. ఒక్కోసారి తండ్రి అసలు అలా అననే లేదని, పిల్లే ఊహించుకుందని తేలుతుంది. ఒక్కోసారి నిజంగానే అంటాడు. అప్పుడు వాదించకండి, "ఎట్లుంటే పంపుతవు అన్నా?" అని అడగండి. అమ్మాయిల హాస్టల్ ఉంటే, తోడుగా ఇంకో పిల్ల ఉంటే, జిల్లా దాటకపోతే. షరతులు పుడితే దారి ఉన్నట్టే.

మెట్టు 7: ప్రణాళిక, అనుకోనివాటికి చోటు

కెరీర్ సిద్ధాంతకర్త జాన్ క్రంబోల్ట్జ్ కాలేజీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలో తెలియక తన టెన్నిస్ కోచ్‌ను అడిగాడట, ఆ కోచ్ సైకాలజీ ప్రొఫెసర్ కూడా కావడంతో సైకాలజీలో తేలాడు. కెరీర్‌లో అనుకోని సంఘటనల పాత్ర గురించి, మరో ఇద్దరితో కలిసి 1999లో ఆయనే రాశాడు. కుతూహలం, పట్టుదల, పట్టువిడుపు, ఆశ, కాస్త తెగువ, ఈ అయిదూ ఉన్నవాళ్లు అనుకోనిదాన్ని అవకాశంగా మలుచుకుంటారని ఆయన చెప్పింది. మన పిల్లలకు దీన్ని ఇలా వాడండి: మొదటి దారి, అది కుదరకపోతే రెండో దారి, ఈ వేసవిలో చేసే ఒక కొత్త పని. కొత్త పనికి గ్రూపుతో సంబంధం ఉండక్కర్లేదు. సంధ్య అయితే సంఘం లెక్కలు కంప్యూటర్ మీద ఎక్కించడం నేర్చుకోవచ్చు, మండల సమాఖ్య ఆఫీసులో నేర్పేవాళ్లు దొరకొచ్చు.

డిగ్రీ, బీటెక్ పిల్లలు, ముఖ్యంగా బ్యాక్‌లాగ్‌లతో విసిగినవాళ్లు వస్తే ఈ వరస అంతా అక్కర్లేదు. మనిషి చెప్పే కథల్లోంచి కెరీర్ దారి వెతికే మార్క్ సావికాస్ పద్ధతిలో చిన్నప్పుడు ఎవరిలా అవ్వాలనుకున్నావు, వాళ్లలో నీకు నచ్చిందేమిటి, మళ్లీ మళ్లీ చూసే వీడియోలు ఏవి, నచ్చిన కథ ఏది అని అడిగి, ఆ జవాబుల్లో తిరిగి తిరిగి వచ్చే దారాన్ని పట్టుకోవడం మేలు.

కెరీర్ మాటలు ఆపేయాల్సిన సమయం

నిద్ర లేదు, తిండి లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు, "నేను లేకపోతే వీళ్లకు బాధ ఉండదు" లాంటి మాట వచ్చిందంటే రియాసెక్ పక్కన పడేయండి. ఆత్మహత్య ఆలోచన ఉందా అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లకు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో మార్గదర్శకాలిస్తూ 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని చెప్పింది. మీ యాజమాన్యం అడిగితే ఈ సంగతి చూపించండి.

రాసిపెట్టుకోవడం, తర్వాత పలకరించడం

ఒక్కో పిల్లకు ఒక పేజీ. కొట్టేసిన చీటీలు, కారణాలు, జీవితంలోంచి దొరికిన ఆధారాలు, ఇంట్లో కుదిరిన ఒప్పందం, రెండు దారులు. "సీఈసీకి పంపాం" అని ఒక్క ముక్క రాసి మూసేస్తే వచ్చే ఏడాది మీకే అర్థం కాదు. పేజీ తాళం వేసే బీరువాలో ఉండాలి.

పలకరించాల్సిన సందర్భాలు మూడు. చేరిన నెలన్నరకు ఒకసారి, ఎందుకంటే గ్రూపు మార్చుకోవాలనిపిస్తే ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. దసరా సెలవుల్లో ఒకసారి, గంటల ఒప్పందం నడుస్తోందో లేదో. ఫస్టియర్ ఫలితాల రోజు ఒకసారి, అదీ ఫలితాలు వచ్చాక సాయంత్రం కాదు, పొద్దున్నే. మార్కులు ఎన్నొచ్చినా సాయంత్రం ఫోన్ చెయ్యి అని ముందే చెప్పి, చేయకపోతే మీరే చేయండి.